ఆన్‌లైన్ కామిక్స్ గీసేవాళ్ళు బొమ్మ మీద సంతకం పెట్టుకోవచ్చా, ఎవరినైనా అడగాలా?

తూనీగ (తిరుపతి)
శనివారం, రాత్రి 9:12

బైరాగిపట్టెడలో ఉంటాను. పగలు ఒక ల్యాబ్‌లో బిల్లులు రాస్తాను, రాత్రి టాబ్లెట్ మీద నాలుగు గళ్ళ కామిక్స్ గీస్తాను. నా బొమ్మల్లో కనిపించేదంతా మన ఊరి జనమే. తెల్లవారుజామున మూడు గంటలకు బస్టాండులో గుండు కొట్టించిన పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి, కొండ బస్సులో కిటికీ సీటు కోసం తగువుపడే అన్నదమ్ములు, లీలామహల్ కూడలి దగ్గర పూలు కట్టే ముసలమ్మ.

ఎనిమిది నెలల క్రితం చాలామంది చూసే ఒక పేజీ వాళ్ళు నన్ను అడిగారు. వారానికి రెండు కామిక్స్, ఒక్కోదానికి నాలుగు వందలు. అంతా నోటిమాటే, కాగితం ఏమీ లేదు. చివరి గడిలో కుడివైపు కింద చిన్నగా 'తూనీగ' అని రాసేదాన్ని. పోయిన నెల ఫోను చేసి, "ఇకమీదట సంతకం వద్దు, చదివేవాళ్ళ చూపు చెదురుతోంది, మా లోగో ఒక్కటే ఉండాలి" అన్నారు. డబ్బు అవసరం. సరేనన్నాను.

మొన్న మా పిన్ని చంద్రగిరి నుంచి వచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపారని ఒక బొమ్మ చూపించి, "ఎంత బాగా గీశారో చూడవే. నువ్వూ ఏవో గీస్తుంటావు కదా, ఇలాంటివి చూసి నేర్చుకో" అంది. అది నేను గీసిన పూల ముసలమ్మ. కొంగు చివర డబ్బులు ముడివేసుకునే తీరు మా అమ్మమ్మది. నేనే గీశానని చెబితే పిన్ని ఒక నిమిషం నా మొహం చూసి, "మరి నీ పేరేదీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

డబ్బు తీసుకుని గీసినప్పుడు సంతకం మన హక్కా, వాళ్ళు ఇస్తే ఉండేదా? గీసేవాళ్ళు, గీయించేవాళ్ళు, చదివేవాళ్ళు అందరూ చెప్పండి. సోమవారం వాళ్ళతో మాట్లాడాలి.


పాత చందమామ (చిత్తూరు, కట్టమంచి)
శనివారం, రాత్రి 9:50

అమ్మా, ముప్పయ్యొక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. నా దగ్గర పాత చందమామ సంచికలు రెండు బీరువాలున్నాయి. నీ ప్రశ్నకు జవాబు ఆ బీరువాల్లో ఉంది, అందుకే రాస్తున్నాను.

1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బొమ్మలు గీసినవాళ్ళు సంతకం పెట్టేవారు. చదవడం సరిగా రాని వయసులోనే మేము 'చిత్రా', 'శంకర్' అనే పేర్లు గుర్తుపట్టేవాళ్ళం. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గారిదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. వడ్డాది పాపయ్య గారు 'వ.పా' అని రెండు అక్షరాలు పెట్టేవారు. ఆ రెండు అక్షరాల కోసం అట్టలు చింపి దాచుకున్న ఇళ్ళు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

అదే పత్రికలో ఇంకో సంగతి జరిగింది. పిల్లలు నెలనెలా ఎదురుచూసిన ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ కథల మీద ఉండేది కాదు. బొమ్మ వేసిన చిత్రా గారి పేరు మాకు తెలుసు, కథ రాసిన మనిషి పేరు తెలియదు. తెలిసేసరికి నాకు తల నెరిసింది. 2010లో ఆయన పోయారు. చిన్నప్పుడు ఒక కార్డు ముక్క రాసి ఉండవలసింది. ఎవరికి రాయాలో తెలిస్తే కదా!

ఒకే పుటలో ఒకరికి పేరుంది, ఒకరికి లేదు. నీ పిన్ని అడిగిన ప్రశ్న నేను యాభై ఏళ్ళు ఆలస్యంగా అడిగాను. పెట్టమ్మా సంతకం.


తోతాపురి (బంగారుపాళెం)
శనివారం, రాత్రి 10:04

వాళ్ళ లోగో ఎంత ఉంటుంది, మీ సంతకం ఎంత ఉంటుంది? లోగోకు చెదరని చూపు మూడక్షరాలకు చెదురుతుందంటే నేను నమ్మను.


గిరింపేట (చిత్తూరు)
శనివారం, రాత్రి 10:41

నేనూ ఒక చిన్న పేజీ నడుపుతాను. మీరు చెప్పిన పేజీ నాది కాదు. అయినా ఆ వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మా దగ్గర ఒక పాత్ర ఉంది, బస్సు కండక్టరు. ఆలోచన నాది, మాటలు ఒకరివి, గీసేది ఒకరు, రంగులు వేసేది మరొకరు. చివర్లో ఒక్కరి సంతకమే ఉంటే మిగిలిన ముగ్గురూ ఏమయ్యారు? ఒకసారి గీసే అబ్బాయి సంతకం పెట్టాడు. చదివేవాళ్ళందరూ ఆ పాత్రను అతనే కల్పించాడనుకున్నారు. మాటలు రాసే అమ్మాయి చిన్నబుచ్చుకుని మానేసింది. ఆరు నెలల తరువాత అతనూ వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినతను గీస్తే "ఇది నకలు" అని కామెంట్లు. పాత్ర పదేళ్ళు బతకాలంటే అది ఒక మనిషి చేతికి కట్టుబడి ఉండకూడదు.

పేరు దొంగిలించాలని ఎవరూ అనుకోరు. పేజీకి ఒక ముఖం ఉండాలి, దాని మీదే ప్రకటనలు వస్తాయి, ఆ ప్రకటనల డబ్బుతోనే మీ నాలుగు వందలూ వస్తాయి.


తూనీగ
శనివారం, రాత్రి 10:55

అన్నా, మీ మాట అర్థమైంది. నా విషయంలో ఆలోచన, మాటలు, గీత, రంగు అన్నీ నావే. వాళ్ళు చేసేది ఎక్కించడం ఒక్కటే.


పాత చందమామ
శనివారం, రాత్రి 11:20

గిరింపేట నాయనా, ముఖం సంగతి అన్నావు కాబట్టి అమెరికాలో జరిగింది ఒకటి చెబుతాను. డొనాల్డ్ డక్ బొమ్మల కథలు దశాబ్దాల పాటు డిస్నీ పేరుతోనే వచ్చాయి. గీసినవాళ్ళ పేర్లు ఉండేవి కావు. చదివే పిల్లలు మాత్రం అందులో ఒకరి చేతిని పసిగట్టారు. పేరు తెలియక 'బాతులు గీసే మంచి చిత్రకారుడు' అని పిలుచుకున్నారు. 1960 ప్రాంతంలో అభిమానులు వెతికి వెతికి ఆయన కార్ల్ బార్క్స్ అని కనుక్కున్నారు. అప్పటికి ఆయన దాదాపు ఇరవై ఏళ్ళుగా గీస్తున్నారు.

సూపర్‌మ్యాన్‌ను కల్పించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చారు. తరువాత చాలాకాలం వాళ్ళ పేర్లే ఆ పాత్ర పక్కన లేకుండా పోయాయి. 1975లో గట్టిగా పోరాడితే పేర్లు తిరిగి వచ్చాయి. అప్పటికి ఇద్దరూ అరవై దాటిన మనుషులు. పాత్ర కంపెనీదే, ఎందరో గీశారు. అయినా మొదటి ఇద్దరి పేర్లు పక్కన చేరాక ఆ పాత్ర చచ్చిపోలేదు కదా?


చిత్తూరు న్యాయవాది
ఆదివారం, ఉదయం 6:48

కోర్టు లేని రోజు కాబట్టి తీరికగా రాస్తున్నాను. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు తీరుతుంది.

ఒకటి, బొమ్మను అచ్చు వేసుకునే, అమ్ముకునే హక్కు. రెండు, ఈ బొమ్మ నేను గీశానని చెప్పుకునే హక్కు. 1957 కాపీరైట్ చట్టంలో ఇవి వేర్వేరు. మొదటిదాన్ని రాసివ్వవచ్చు, అమ్మవచ్చు. రెండోది 57వ సెక్షన్‌లో ఉంది. కాపీరైటును పూర్తిగా రాసిచ్చిన తరువాత కూడా కర్తగా చెప్పుకునే హక్కు గీసినవాడిదేనని ఆ సెక్షన్ అంటుంది. పని పాడుచేసి పరువు తీస్తే అడ్డుకునే హక్కు కూడా అందులోనే ఉంది.

దీనికి గట్టి ఉదాహరణ అమర్‌నాథ్ సెహగల్ కేసు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఆయన చేసిన పెద్ద కంచు శిల్పఫలకం ఉండేది. 1979లో మరమ్మతుల పేరుతో ఆయనకు చెప్పకుండా తొలగించి గిడ్డంగిలో పడేశారు. డబ్బిచ్చి చేయించింది ప్రభుత్వమే, వస్తువూ ప్రభుత్వానిదే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పి, మిగిలిన ఫలకాన్ని తిరిగి ఇవ్వమనీ ఐదు లక్షల రూపాయలు చెల్లించమనీ ఆదేశించింది. చేసినవాడికీ చేసినదానికీ ఉన్న బంధం డబ్బుతో తెగిపోదని ఆ తీర్పు సారం.

ఇక నోటిమాట సంగతి. కాపీరైటు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఇది 19వ సెక్షన్. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఎదుటివారు 17వ సెక్షన్ చూపించి డబ్బిచ్చి గీయించుకున్నది మాదే అనవచ్చు. ఉద్యోగిగా గీసినదానికీ, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రపటానికీ అక్కడ వేరే నియమాలున్నాయి. మీరు ఉద్యోగి కారు, జీతం లేదు, వారానికి రెండు బొమ్మల లెక్క. యాజమాన్యం మీద వాదన ఎటు తిరిగినా 57వ సెక్షన్ మాత్రం మీ చేతిలోనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఆ సెక్షన్‌లో 'సంతకం' అనే మాట లేదు, కర్తృత్వం చెప్పుకునే హక్కు అని ఉంది. సంతకం దానికి అతి సులువైన రూపం. ఇంకొకటి, మీరు పెట్టిన పేరును మూడో మనిషి కావాలని చెరిపేసి పంచితే 65బి సెక్షన్ వర్తిస్తుంది. 2012 సవరణలో వచ్చింది. రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. మీరు మాత్రం వాళ్ళు అడగ్గానే మీరే తీసేశారు, కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు. ముందు మళ్ళీ పెట్టడం మొదలుపెట్టండి.


అలిపిరి మెట్లు (తిరుపతి)
ఆదివారం, ఉదయం 7:30

చట్టం సరే. నా మనసుకు తోచింది చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

అన్నమాచార్యులవారి కీర్తన ఏది తీసుకున్నా చివర వేంకటేశ్వరుడి ముద్రే ఉంటుంది. తన పేరు పెట్టుకోలేదు. తిరుమల గోపురం మీద బొమ్మలు చెక్కినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు? పని నిలిచింది, పేరు అక్కర్లేకపోయింది. ఇప్పుడు ప్రతి ఫోటో మీద పేరు, ప్రతి మాట కింద పేరు. పూల ముసలమ్మ బొమ్మ చూసి మీ పిన్ని మనసు కరిగింది. ఆ కరగడం చాలదా?


కాళహస్తి కలం (శ్రీకాళహస్తి)
ఆదివారం, ఉదయం 9:15

పెద్దాయన మాటకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ పని ఉంది.

మీరందరూ ఇప్పుడు కామిక్స్ అంటున్నది మేము గుడ్డ మీద ఎప్పటినుంచో గీస్తున్నాం. రామాయణం గుడ్డ ఒకటి విప్పి చూడండి. వరుసలు వరుసలుగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక ఘట్టం, గడుల మధ్య పట్టీలో తెలుగులో కథ. నాలుగు గళ్ళ బదులు వంద గళ్ళు, అంతే తేడా.

మా తాత సంతకం పెట్టలేదు. నిజమే. ఆ గుడ్డ గుడికి వెళ్ళేది, దేవుడి వెనక కట్టేవాళ్ళు. ఊళ్ళో అందరికీ ఏ గుడ్డ ఎవరు వేశారో తెలుసు. కనుముక్కు తీరు చూసి చెప్పేవాళ్ళు. పేరు గుడ్డ మీద లేకపోయినా మనుషుల నోట్లో ఉండేది. ఇది గమనించండి పెద్దాయనా, పేరు లేకపోవడం వేరు, పేరు రాయవలసిన అవసరం లేకపోవడం వేరు.

ఇప్పుడు గుడ్డ ఢిల్లీ వెళుతుంది, దేశం దాటుతుంది. కొన్నవాళ్ళకు మా వీధి తెలియదు. పైగా మరలో అచ్చు వేసిన గుడ్డను 'చేతి కలంకారీ' అని అమ్ముతున్నారు. మేము నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపి నానబెట్టి, చింతబొగ్గుతో గీసుకుని, ఇనుప ముక్కలూ బెల్లం ఊరబెట్టిన నలుపులో వెదురు కలం ముంచి గీత వేస్తాం. పటిక, రంగు, స్వర్ణముఖిలో జాడించడం, ఆరబెట్టడం, మళ్ళీ రంగు. వారాల పని. మర రెండు నిమిషాల్లో దించేస్తుంది. చూసేవాడికి తేడా తెలియాలంటే చేసినవాడి పేరు కావాలి. మా ఊరి గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందంటే, ఈ పని వెనక ఒక మనిషి ఉన్నాడని లోకానికి తెలిసినందువల్లే వచ్చింది.

నాకూ తూనీగ గారి అనుభవమే ఎదురైంది. ఒక బట్టల దుకాణం వాళ్ళు పది చీరలు కొంటామన్నారు, కొంగు అంచులో నా పేరు వద్దన్నారు. వాళ్ళ చీటీ కుట్టుకోవాలట. మూడు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి పేరు ఉంచే ఇచ్చాను. ఆరు చీరలే తీసుకున్నారు.

తూనీగ గారికి ఒక పనిమాట చెబుతాను. నేను పేరును చివర్లో వేరే రంగుతో రాయను. మొదటి గీత వేసే నలుపుతోనే, తీగెల మధ్యలో రాస్తాను. గీత ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో పేరూ అన్ని ఉతుకులకు నిలుస్తుంది. తీసేయాలంటే తీగె కూడా పోవాలి. మీరు మూలలో ఖాళీ చోట రాస్తున్నారు. అది తుడవడానికి వీలైన చోటు.


లేయర్ పని (తిరుపతి, కె.టి. రోడ్డు)
ఆదివారం, ఉదయం 10:02

కాళహస్తి కలం గారు చెప్పింది మా వృత్తిలో కూడా అక్షరాలా నిజం. నేను బొమ్మల ఫైళ్ళతోనే బతుకుతాను.

కుడివైపు కింది మూల అన్నిటికంటే బలహీనమైన చోటు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మను వేరే కొలతకు మార్చగానే ముందు అంచులే పోతాయి. ఎవరైనా పొడవాటి కామిక్‌ను గళ్ళుగా కత్తిరించి పెడితే చివరి గడిలో ఉన్న పేరు మొదటి మూడింటికి అందదు. ఫైలు లోపల పేరు రాసి దాచుకుంటే చాలనుకుంటారు కొందరు. వాట్సాప్‌లో పంపగానే ఆ సమాచారమంతా ఊడిపోతుంది. బొమ్మలో కనిపించే అక్షరాలు మాత్రమే ప్రయాణం చేస్తాయి.

అందుకే పాత్ర కాలి దగ్గర, గోడ మీద, బస్సు బోర్డు మీద, పూలబుట్ట అల్లికలో, అంటే గీత ఉన్నచోట రాయండి. అమెరికాలో అల్ హిర్ష్‌ఫెల్డ్ అనే చిత్రకారుడు తన కూతురు నీనా పేరును జుట్టు గీతల్లో, బట్టల ముడతల్లో దాచేవారు. ఒక బొమ్మలో ఎన్నిసార్లు దాచారో సంతకం పక్కన అంకె వేసేవారు. జనం ఆదివారం పూట కూర్చుని వెతికేవారు. చూపు చెదరడం అలా ఉంటే ఏ పేజీకైనా మంచిదే.

వాటర్‌మార్కును మాత్రం దీనితో కలపకండి. బొమ్మ నడుమ బూడిదరంగులో అడ్డంగా కొట్టే ముద్ర చదువరిని దొంగలా చూస్తుంది. సంతకం అలా చూడదు.

పొరలు విడిగా ఉన్న అసలు ఫైలును తేదీతో సహా దాచండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదే సాక్ష్యం.


పాత చందమామ
ఆదివారం, ఉదయం 11:10

అలిపిరి మెట్లు గారూ, అన్నమయ్య పేరు ఎత్తారు కాబట్టి నేను ఊరుకోలేను. కీర్తనలో ముద్ర స్వామిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ కీర్తనలు మనకు ఎలా దక్కాయి? రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోనే ఒక అరలో భద్రపరిచారు. ఆ రేకుల్లో ఏమి రాసి ఉంది? శక వర్షం 1346, క్రోధి సంవత్సరం, తాళ్ళపాక అన్నమాచార్యులకు పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైన సంగతి, ఆనాటి నుంచి రచించిన సంకీర్తనలని స్పష్టంగా చెక్కించారు. ఊరి పేరు, ఇంటి పేరు, కవి పేరు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. ఆ కుటుంబం వారికి పేరు అక్కర్లేదని అనిపించలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడి పండితులు చదివినప్పుడు, ఇవి ఎవరివని తడుముకోవలసిన పని లేకపోయింది. ఆ రెండు వాక్యాలు లేకపోతే ఈరోజు మహతిలో కచేరీకి కూర్చున్నప్పుడు ఎవరి పేరు తలుచుకునేవాళ్ళం?


అలిపిరి మెట్లు
ఆదివారం, మధ్యాహ్నం 12:25

మాస్టారూ, రేకుల సంగతి నాకు తట్టలేదు. సరిదిద్దినందుకు నమస్కారం. పేరు పెద్దదై పని చిన్నదయ్యే రోజుల మీద నా దిగులు మాత్రం పోలేదు. అమ్మాయి పెట్టే మూడక్షరాల గురించి కాదు ఆ దిగులు.


కుప్పం కుర్రాడు
ఆదివారం, మధ్యాహ్నం 1:40

నాదొక ప్రశ్న. ఏఐకి నాలుగు వాక్యాలు చెప్పి బొమ్మ తెప్పించుకుని దాని మీద సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు. మా స్నేహితుడే చేస్తున్నాడు. అదీ హక్కేనా?


లేయర్ పని
ఆదివారం, మధ్యాహ్నం 1:58

2022లో ఆ యంత్రాల బొమ్మలు మొదట జనంలోకి వచ్చినప్పుడు చాలావాటి మూలల్లో అర్థంకాని గీకుడు కనిపించేది. అక్షరాలు కావు, అక్షరాల్లా ఉండే గీతలు. అవి ఎక్కడివి? వేలమంది చిత్రకారులు తమ బొమ్మల మూలల్లో పెట్టుకున్న సంతకాలు నేర్చుకుని, మూలలో ఇలాంటిదేదో ఉండాలి కాబోలని యంత్రం వేసింది. నాకు అది చూసినప్పుడు కడుపులో దేవినట్లయింది. మీ స్నేహితుడు ఆ చోట తన పేరు రాసే ముందు ఒకసారి దాన్ని తలుచుకోమనండి.


పర్యవేక్షణ
ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఏఐ మీద వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాయడానికి చాలామంది ఉన్నారు. ఇక్కడ తూనీగ గారి ప్రశ్న దగ్గరే ఉందాం.


ఎర్రగీత (మదనపల్లె)
ఆదివారం, సాయంత్రం 4:30

సంతకం పెట్టమని అందరూ చెబుతున్నారు. పెట్టినందువల్ల ఏమవుతుందో కూడా చెప్పాలి. నేను రాజకీయ కార్టూన్లు వేస్తాను. అసలు పేరుతో మొదలుపెట్టాను. ఒక బొమ్మ నచ్చనివాళ్ళు నా ఫోటో వెతికారు, మా నాన్న పనిచేసే చోటు కనుక్కున్నారు. పది రోజులు ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు. ఆ తరువాత ఏడాది పాటు పేరు లేకుండా వేశాను. ఆ ఏడాది బొమ్మలు చూస్తే ఇప్పుడు నావిగా అనిపించవు. ఎవరూ నన్ను ప్రశ్నించరన్న ధైర్యంతో గీత అలసటగా, మాట దురుసుగా వచ్చింది.

ఇప్పుడు 'ఎర్రగీత' అనే పేరుతో వేస్తున్నాను. మనిషి దాగింది, చేయి దాగలేదు. మన దగ్గర కుంచె పేర్లకు కొదవ లేదు, సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఎందరు గుర్తుపడతారు, బాపు అంటే ఎందరు గుర్తుపడతారు? ఆయన సంతకమే కాదు, చేతిరాత కూడా అక్షరాల తీరుగా నిలిచిపోయింది. కాబట్టి తూనీగ చెల్లీ, ఆ పేరు వదలకు. అసలు పేరు ఎవరు అడిగినా చెప్పకు.


బోర్డు ఆర్టిస్ట్ (చిత్తూరు)
ఆదివారం, రాత్రి 8:20

నాకు టైపు చేయడం నెమ్మది. మా అబ్బాయి చదివి వినిపించాడు, వాడే రాస్తున్నాడు, మాటలు నావి.

ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో బోర్డులు రాశాను. కిరాణా కొట్టు, సైకిల్ షాపు, డాక్టరు గారి గది, లారీల వెనక. పదడుగుల బోర్డు రాస్తే కింద మూలలో ఒక అంగుళం ఎత్తులో మా 'ఆర్ట్స్' పేరు రాసేవాళ్ళం. కొట్టు యజమాని పేరు రెండడుగులు, మాది అంగుళం. ఏ యజమానీ ఎప్పుడూ వద్దనలేదు. పైగా కొందరు "పేరు రాశావా, లేదా" అని అడిగేవారు, మంచి పనివాడితో రాయించామని చెప్పుకోవడానికి. ఆ అంగుళం చూసి పలమనేరు నుంచి, పుంగనూరు నుంచి పని వచ్చింది. మా పిల్లల చదువులు ఆ అంగుళంలోంచే వచ్చాయి.

తరువాత ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద అచ్చు వేసిన మిషను వాళ్ళ పేరుంటుంది, అక్షరం దిద్దినవాడి పేరుండదు. అప్పటినుంచి మంచి అక్షరం ఎవరిదో ఎవరికీ తెలియదు, తెలియదు కాబట్టి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి నేర్చుకునేవాళ్ళు లేరు. నా దగ్గర చివరగా నేర్చుకున్న పిల్లవాడు ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. వాడి 'శ్రీ' అంత అందమైన 'శ్రీ' నేను చూడలేదు.

ఆ అంగుళం వదులుకోవద్దమ్మా.


గిరింపేట
ఆదివారం, రాత్రి 9:05

పొద్దుటినుంచి అన్నీ చదివాను. బోర్డు పెద్దాయన మాట దగ్గర ఆగిపోయాను. మా నాన్న కొట్టుకు బోర్డు రాసింది ఆ చేతే అయి ఉండవచ్చు. దాని మూలలో ఒక పేరు ఉండేది, చిన్నప్పుడు కూడబలుక్కుని చదివేవాణ్ణి.

నా పాత వాదనలో ఒక భాగం వదులుకుంటున్నాను. నలుగురు కలిసి చేసినప్పుడు ఒక్కరి పేరే ఉండటం అన్యాయమని ఇప్పటికీ అంటాను. దానికి మందు ఆ ఒక్కటి కూడా తీసేయడమని అనుకున్నాను, అది తప్పు. ఈ వారం నుంచి కండక్టరు బొమ్మ కింద నాలుగు పేర్లూ వేస్తాం. చోటు చాలకపోతే నా పేరు చివర వేస్తాను.


చిత్తూరు న్యాయవాది
ఆదివారం, రాత్రి 10:15

తూనీగ గారూ, రేపు మాట్లాడేటప్పుడు గొడవ స్వరంతో వెళ్ళవద్దు. ఫోనులో మాట్లాడాక అదే సంగతి సందేశంగా రాసి పంపండి, రాత మిగలాలి. నాలుగు మాటలు ఉంటే చాలు. బొమ్మలో నా సంతకం ఉంటుంది, ఇంత పరిమాణంలో ఉంటుంది. మీ పేజీలో వేసుకునే అనుమతి ఇస్తున్నాను, పుస్తకంగానో బట్టల మీదో వేయాలంటే మళ్ళీ అడగాలి. సంతకం చెరిపితే, కత్తిరిస్తే అనుమతి రద్దవుతుంది. ఇప్పటికే సంతకం లేకుండా వెళ్ళిన ఆరు బొమ్మల కింద నా పేరు రాయాలి. సంతకాన్ని దాచిపెట్టి వాళ్ళకు తెలియకుండా పంపించవద్దు. గీతలో కలపండి, కానీ కలిపానని చెప్పండి.


తూనీగ
సోమవారం, రాత్రి 9:40

మాట్లాడాను. చేతులు వణికాయి కానీ గొంతు వణకలేదు.

ముందు, "అందరూ ఒప్పుకున్నారు, మీకొక్కరికే ఏమిటి" అన్నారు. అందరూ అంటే ఎవరని అడిగాను, చెప్పలేదు. తరువాత, బొమ్మలో వద్దు, కింద రాతలో పేరు వేస్తామన్నారు. అది వాట్సాప్‌లో రాదు కదా, మా పిన్ని దాకా చేరదు కదా అన్నాను. అటువైపు కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి, ఈ వారం రెండు బొమ్మలూ వద్దు, ఆలోచించి చెబుతామన్నారు. న్యాయవాది గారు చెప్పిన నాలుగు మాటలు రాసి పంపాను. చూసినట్లు గుర్తు పడింది, జవాబు రాలేదు. ఎనిమిది వందలు పోయాయి. వచ్చే వారం కూడా పోవచ్చు. ఇంట్లో అమ్మకు చెప్పాను, "సరేలే, చూద్దాం" అంది.

గిరింపేట అన్న విడిగా సందేశం పంపారు, తమ పేజీకి నెలకు రెండు వేయమని, సంతకం నా ఇష్టమని. డబ్బు తక్కువే ఇవ్వగలనని ముందే చెప్పారు. ఒప్పుకున్నాను.

ఈ సాయంత్రం పూల ముసలమ్మను మళ్ళీ గీశాను. ఈసారి కాళహస్తి కలం గారు చెప్పినట్లు మొదటి గీతతోపాటే, బుట్ట అల్లికలో పేరు రాశాను. నాలుగు గళ్ళలోనూ బుట్ట ఉంది, నాలుగింటిలోనూ పేరు ఉంది. బొమ్మ ఇక్కడ జతచేస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నాయో బోర్డు పెద్దాయన చూసి చెప్పాలి.


బోర్డు ఆర్టిస్ట్
సోమవారం, రాత్రి 10:30

చూశానమ్మా. బుట్ట బాగుంది, ముసలమ్మ వేళ్ళు ఇంకా బాగున్నాయి. 'నీ' మీద గుడిదీర్ఘం చుట్టు మరీ బిగించావు. పెద్దగా చూస్తే తెలియదు. ఫోనులో చిన్నదైతే మూసుకుపోయి 'ని' అయిపోతుంది, పేరు 'తూనిగ' అని చదువుతారు. చుట్టు కొంచెం తెరిచి, కొసను పైకి లాగు. 'గ' తలకట్టు అల్లిక గీతకు ఆనుకుంది, వెంట్రుకవాసి దించు. మార్చి మళ్ళీ పెట్టు, మా అబ్బాయి ఇంకో గంట మేలుకునే ఉంటాడు.